పుట్టకముందు పాటల మీద ఇంత ప్రేమ ఎక్కడిది?

పాత సినిమా మళ్లీ రిలీజైతే తిరుపతి థియేటర్ల ముందు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఎగబడుతున్నారు. కాలేజీ ఫంక్షన్‌లో ఒక అమ్మాయి సుశీల పాట ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్లు కూడా గొంతు కలుపుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో ఘాట్ రోడ్డు మలుపులు చూపించినా, చంద్రగిరి కోట చూపించినా, తలకోన జలపాతం చూపించినా వెనకాల 80ల నాటి ఇళయరాజా పాట ఒకటి నడుస్తూనే ఉంటుంది. దీనంతటికీ అందరూ ఒకటే పేరు పెట్టేస్తున్నారు, నోస్టాల్జియా అని. ఆ పేరు ఇక్కడ సగమే సరిపోతుంది. ఆ రోజులు చూసినవాళ్లు ఆ రోజుల మీద బెంగ పెట్టుకుంటారు, అందులో వింతేమీ లేదు. 2004లోనో 2005లోనో పుట్టిన పిల్లలకి 1961 నాటి పాట మీద బెంగ ఎందుకు ఉండాలి? వాళ్లు పోగొట్టుకున్నది ఏముంది అక్కడ?

ముందు రెండు వేరు వేరు విషయాలను విడదీసి చూడాలి. రీ-రిలీజుల హడావిడి ఒకటి, పాత పాటల మీద మక్కువ ఇంకొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ, వీటి మూలాలు వేరు.

రీ-రిలీజుల సంగతి తేలిగ్గానే తెగుతుంది. 2022 ఆగస్టులో మహేశ్ బాబు పుట్టినరోజుకి పోకిరి (2006) స్పెషల్ షోలు వేశారు. మరుసటి నెల పవన్ కల్యాణ్ పుట్టినరోజుకి జల్సా (2008) వచ్చింది, అదే ఏడాది డిసెంబరు 31న ఖుషి (2001) వచ్చింది, అక్కడినుంచి తెలుగునాట ఇది ఒక అలవాటుగా మారిపోయింది. జగదేక వీరుడు అతిలోక సుందరి 1990 మే 9న విడుదలైతే, సరిగ్గా 35 ఏళ్లకి అదే తేదీన 2025లో త్రీడీలో కూడా మళ్లీ వచ్చింది. ఆ ఏడాది నవంబరులో శివ (1989) వచ్చింది. ఇదంతా ఇప్పుడే ఎందుకు మొదలైందంటే, ఒక కారణం పూర్తిగా యంత్రాలకి సంబంధించినది. రీళ్ల కాలంలో పాత సినిమా మళ్లీ వెయ్యాలంటే పద్నాలుగు పదిహేను రీళ్ల ప్రింటు తియ్యాలి, దాన్ని పెట్టెల్లో ఊరూరా తిప్పాలి. గీతలు పడని ప్రింటు దొరకడమే గగనం. ఇప్పుడు నెగటివ్‌నో మంచి ప్రింటునో ఒకసారి స్కాన్ చేసి శుభ్రం చేస్తే చాలు, ఒకే రోజు ఎన్ని థియేటర్లలో కావాలంటే అన్నిట్లో పడుతుంది. కొత్త సినిమాలు లేక ఖాళీగా ఉన్న వారంలో థియేటర్ వాళ్లకీ అది కలిసొస్తుంది.

ఇక కుర్రాళ్ల వైపునుంచి చూస్తే, ఖుషి, పోకిరి వాళ్లకి పరాయి సినిమాలేమీ కావు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో పదిసార్లు, ఇరవైసార్లు చూసి డైలాగులు నోటికొచ్చిన సినిమాలవి. థియేటర్‌లో చూడాల్సిన వయసుకి తాము లేకపోయామన్న లోటు మాత్రం ఉండిపోయింది, ఆ లోటు తీర్చుకోవడానికి వెళ్తున్నారు, కాగితాలు చించి ఎగరేస్తున్నారు, తెర ముందు ఎగురుతున్నారు. ఇది నిజంగానే నోస్టాల్జియా. వాళ్ల చిన్నతనం మీద వాళ్లకున్న బెంగ. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు, తప్పు పట్టాల్సిందీ లేదు.

అర్థం చేసుకోవాల్సింది రెండోది. ఘంటసాల పాట, సుశీల పాట, బాలు తొలినాళ్ల పాట. ఇవి వీళ్ల చిన్నప్పటి టీవీ జ్ఞాపకాలు కావు. మరి ఎలా వచ్చి చేరాయి?

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో సంగీత మనస్తత్వం మీద పనిచేసిన కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనే ఇద్దరు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇరవై ఏళ్ల వయసున్న విద్యార్థులకి 1955 నుంచి 2009 దాకా వచ్చిన పెద్ద హిట్ పాటలు వినిపించి, ఏ పాటలతో జ్ఞాపకాలు ముడిపడి ఉన్నాయి, ఏవి నచ్చుతున్నాయి అని అడిగారు. మామూలుగా ఎవరి యవ్వనం నాటి పాటలు వాళ్లకి బాగా గుర్తుంటాయి, అది ముందే తెలిసిన విషయం. ఇక్కడ కొత్తగా బయటపడింది ఏమిటంటే, ఆ పిల్లల జ్ఞాపకంలో 80ల మొదటి సంవత్సరాల పాటల దగ్గర ఒక ఎత్తు కనిపించింది, అవి వాళ్ల అమ్మానాన్నలు పడుచువాళ్లుగా ఉన్న రోజులు. 60ల దగ్గర ఇంకో చిన్న ఎత్తు కూడా కనిపించింది. అది అవ్వాతాతల ప్రభావం కావొచ్చు, ఆ కాలపు పాటల్లోనే ఉన్న బలం కూడా కావొచ్చు అని వాళ్లు రాశారు. అంటే ఇంట్లో పెద్దవాళ్లు విన్న పాట, పిల్లలు తమ సొంత జ్ఞాపకంగానే దాచుకుంటారన్నమాట.

దీన్ని మన ఇళ్లకి వేసి చూస్తే లెక్క చక్కగా కుదురుతుంది. 2005లో పుట్టిన తిరుపతి కుర్రాడి అమ్మానాన్నలు సుమారుగా 1975, 80 మధ్య పుట్టి ఉంటారు. వాళ్లకి పదిహేనేళ్లు వచ్చేసరికి 1990, 95. ఇళయరాజా, రాజ్-కోటి, అప్పుడే పైకొస్తున్న కీరవాణి. అది క్యాసెట్ల కాలం. సినిమా క్యాసెట్ మొత్తం కొనే డబ్బులు లేనివాళ్లు ఒక తెల్లకాగితం మీద తమకి నచ్చిన పాటల పేర్లు రాసుకుని, ఒక ఖాళీ క్యాసెట్ పట్టుకుని రికార్డింగ్ షాపుకి వెళ్లేవాళ్లు. రెండు రోజుల తర్వాత వెళ్తే ఆ పాటలన్నీ వరసగా ఎక్కించి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్లో ఎన్ని పడతాయి? పన్నెండో పదమూడో. కాబట్టి బాగా ఆలోచించి, ఒకటి కొట్టేసి ఇంకొకటి రాసి, మళ్లీ మొదటిదే రాసి ఆ పట్టీ తయారయ్యేది. ఇవాళ ఇంట్లో వంట చేస్తూ అమ్మ ఫోన్‌లో పెట్టుకునేది చాలావరకు ఆ పట్టీనే. అవ్వాతాతల దగ్గరకి వస్తే 1965, 70 అవుతుంది. ఘంటసాల, సుశీల, రేడియో సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతు, వివిధ భారతి. పిల్లలు "పాత పాటలు" అని వేటిని అంటున్నారో గమనిస్తే, ఎక్కువగా ఈ రెండు గుత్తుల్లోంచే ఉంటాయి.

చిత్తూరు వైపు ఇళ్లలో ఇంకో సంగతి కలుస్తుంది. వేలూరు చిత్తూరుకి గంట ప్రయాణం, తిరుపతికి చెన్నై మూడు గంటల దూరం. ఇంట్లో తెలుగు, బయట అంగట్లో అరవం, కొన్ని ఇళ్లలో రెండూ కలిసే నడుస్తాయి. 1955లో మిస్సమ్మ తెలుగులోనూ తమిళంలోనూ తీశారు, రెండింట్లోనూ సావిత్రే. 1957లో మాయాబజార్ కూడా రెండు భాషల్లో వచ్చింది. 1983 నాటి సాగర సంగమం అటు సలంగై ఒలిగా వెళ్లింది. కాబట్టి ఇక్కడి అవ్వ ఒక వరసకి రెండు భాషల మాటలు పాడగలదు, మనవరాలికి ఆ వరస రెండు చెవులా పడుతుంది. మద్రాసులో సినిమా తీసినన్నాళ్లూ తారలు ఈ ఊళ్లకి మరీ అందనంత దూరంలో లేరు. కొండకి వచ్చిన యాత్రికులు దర్శనం చేసుకుని, అదే బస్సులో మద్రాసు వెళ్లి ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడి ఆయన్ని చూసి వెళ్లేవాళ్లన్నది అందరికీ తెలిసిందే. 1983లో ఇదే తిరుపతి ఆయన్ని ఎమ్మెల్యేగా గెలిపించింది, 2009లో చిరంజీవిని గెలిపించింది. వెండితెర మీద బొమ్మకీ బజార్లో మనిషికీ మధ్య గోడ ఇక్కడ ఎప్పుడూ పలచనే. ఊరి నడిబొడ్డున లీలామహల్ సర్కిల్ అని ఒక కూడలి ఉంది, ఆ పేరు ఒక సినిమా హాలుది.

ఇల్లు ఒక దారి. అయితే ఇల్లు రెండు తరాలకి మించి మొయ్యలేదు. ముత్తవ్వ విన్న పాట ముని మనవడికి చేరాలంటే మధ్యలో ఇంకేదో ఆసరా ఉండాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో అలాంటి ఆసరాలు ఉన్నాయి, ఇక్కడి పిల్లల సంగతిని మిగతా ఊళ్ల కథలో కలిపేసి చెప్పడం అందుకే కుదరదు.

మొదటిది కొండ. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963లో రికార్డు చేసిన సుప్రభాతం ఈ ఊళ్లో ఎవరూ "పాత రికార్డు" అనుకోరు. తెల్లవారితే వినిపించే గొంతు అది, అంతే. పూర్ణకుంభం సర్కిల్‌లో ఆవిడ కంచు విగ్రహం 2006 నుంచీ ఉంది. అరవై ఏళ్లు దాటిన రికార్డింగ్‌ని రోజూ వినే ఊళ్లో పెరిగిన చెవికి, మోనో శబ్దం, పక్కన చిన్న చరచర, తంబురా మీద నిలబడిన గొంతు వింతగా అనిపించవు. మిగతా చోట్ల కుర్రాళ్లకి పాత పాట వినడానికి అడ్డొచ్చే మొదటి గడప అదే, ఈ శబ్దమేంటి ఇలా ఉంది అని. ఇక్కడ ఆ గడప పుట్టుకతోనే దాటేసి ఉంటారు.

అన్నమయ్య కీర్తనల చరిత్ర ఇంకా పనికొచ్చే ఉదాహరణ. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా జీవించారు. ఆ కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు, ఇరవయ్యో శతాబ్దం దాకా అవి పెద్దగా ఎవరికీ పట్టలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు కూర్చుని పరిష్కరించి అచ్చువేయించారు. ఆ రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అన్నమయ్య ఎలా పాడాడో ఎవరికీ తెలీదు. ఇవాళ మనం పాడుకుంటున్న వరసలు చాలామటుకు రాళ్లపల్లి వారు, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు మన కాలంలో కట్టినవి. బాలకృష్ణప్రసాద్ ఒక్కరే ఆరు వందలకు పైగా కీర్తనలకి బాణీ కట్టారు, తిరుపతిలోనే ఉంటూ 2025 మార్చిలో కన్నుమూశారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది, 1997లో అన్నమయ్య సినిమా వచ్చింది, కీరవాణికి జాతీయ అవార్డు వచ్చింది, ఆ తర్వాత బడి పిల్లల పోటీలు అన్నమయ్య కీర్తన లేకుండా జరగడం మానేశాయి. అయిదు వందల ఏళ్ల నాటి మాట, యాభై ఏళ్ల నాటి వరస, పదేళ్ల పిల్ల గొంతు. తిరుపతిలో ఇది రోజువారీ వ్యవహారం. ఎవరో ఒకరు తీసి, దుమ్ము దులిపి, కొత్తగా వరస కట్టి, పిల్లల నోట పలికిస్తే పాట వయసుతో పనిలేదని ఈ ఊరికి అనుభవంలో తెలుసు.

రెండోది భారతం. చిత్తూరు జిల్లా పల్లెల గురించి తెలియనివాళ్లకి ఇది కాస్త విడమర్చి చెప్పాలి. ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుళ్లు, ధర్మరాజుల గుళ్లు ఉన్న ఊళ్లలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి, మామూలుగా పద్దెనిమిది రోజులు. పగలు హరికథ చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు. ఆడే చోటుకి భారతం మిట్ట అనే పేరు స్థిరపడిపోయిన ఊళ్లున్నాయి. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు, మెట్టు మెట్టుకీ ఆగి పాడతాడు, పైకి చేరాక నిమ్మకాయలు, విభూతి కిందికి విసురుతాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద ఎదురుచూస్తూ ఉంటారు. ఆఖరి రోజు మిట్ట మీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మ పడుకుని ఉంటుంది, భీముడికీ దుర్యోధనుడికీ పోరు జరుగుతుంది, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. హార్మోనియం, మృదంగం, మైకు సెట్టు, కిరీటం, భుజకీర్తులు, ముఖానికి దట్టంగా రంగు, తెల్లారేదాకా పద్యం. ఊరి పిల్లలు చాప వేసుకుని ముందు వరసలో కూర్చుని, నిద్రొచ్చి పడిపోయి, గద చప్పుడుకి లేచి మళ్లీ చూస్తారు.

ఇలా పెరిగిన పిల్లాడికి మాయాబజార్ చూపిస్తే ఏమవుతుంది? బెంగళూరులో పెరిగిన పిల్లాడు ముందు నలుపు తెలుపు బొమ్మకి అలవాటు పడాలి, తర్వాత ఆ భాషకి, ఆ కిరీటాలకి, నిలబడి పద్యం పాడే పద్ధతికి అలవాటు పడాలి. చిత్తూరు పల్లె పిల్లాడికి ఆ మనుషులంతా ముందే తెలుసు. ఘటోత్కచుడు పోయిన ఏడాది తన ముందే నడిచాడు. దానవీరశూరకర్ణ (1977) దాదాపు నాలుగు గంటల సినిమా, అందులో ఎన్టీఆర్ దుర్యోధనుడి సభా ఘట్టం ఇప్పటికీ డిగ్రీ కాలేజీ పిల్లలు స్టేజీ మీద గుక్కతిప్పుకోకుండా చెబుతున్నారు. ఆ సమాసాలన్నీ అర్థమై చెబుతున్నారా అంటే, అన్నీ కాకపోవచ్చు. కానీ ఊపిరి ఎక్కడ పట్టాలో, గొంతు ఎక్కడ లేపాలో వాళ్లకి తెలుసు, ఎందుకంటే ఆ లయ చిన్నప్పుడే ఒంటికి పట్టింది. తెలుగు టాకీ మొదలైందే నాటకంలోంచి. 1932 నాటి భక్త ప్రహ్లాద సురభి నాటక సమాజం వాళ్ల నాటకాన్నే తెరకెక్కించింది. ఆ నాటకం సినిమా అయింది, సినిమాలో ఎన్టీఆర్ నడక, విరుపు మళ్లీ వీధినాటకం వేషగాడి ఒంట్లోకి వచ్చాయి, అతన్ని చూసిన పిల్లాడు ఫోన్‌లో సినిమా చూస్తున్నాడు. ఈ రాకపోకలు ఆగని చోట పాత సినిమా పాతబడదు.

మూడోది పోటీ. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగా తెలుగు పిల్లలకి పాత పాట నేర్పినంతగా ఏ సంగీత పుస్తకమూ నేర్పలేదు, ఈ మాట అతిశయోక్తి అనిపించవచ్చు కానీ కాదు. ఆ కార్యక్రమం పేరే 1964 నాటి మూగమనసులు పాటలోది, ఆ పాట రాసిన ఆత్రేయది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు, అంటే 2022లో జిల్లాలు మారాక ఇప్పుడు తిరుపతి జిల్లానే. నడిపిన బాలు శ్రీకాళహస్తిలో బడి చదువు చదివి, తిరుపతిలో పీయూసీ చదివిన మనిషి. ఆయన ఆ వేదిక మీద చేసిందేమిటంటే, పిల్ల పాట పాడేశాక మార్కులు చెప్పి పంపించెయ్యకుండా, ఈ పాట ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఈ మాట ఎలా పలకాలి, ఇక్కడ గాయని ఊపిరి ఎందుకు దాచుకుంది, ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పేవారు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్లలంతా ఆ పాఠం విన్నట్టే. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయిన రోజు ఇరవై ఏళ్ల పిల్లలు కూడా ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారంటే అందుకే.

పోటీ కోసం నేర్చుకునే పిల్లల సాధన దగ్గరుండి చూస్తే ఈ మక్కువ పైపైది కాదని తెలుస్తుంది. జగదేకవీరుని కథ (1961) లోని శివశంకరి పాటే తీసుకోండి. పింగళి రచన, పెండ్యాల సంగీతం, దర్బారీ కానడ రాగం. ఈ పాట ఎత్తుకున్నవాళ్లు పల్లవి మొదటి మాట దగ్గరే ఇరుక్కుపోతారు. దర్బారీలో గాంధారం, అంటే గ స్వరం, ఒకచోట నిలవదు, మెల్లగా ఊగుతుంది, ఎక్కువ ఊపితే చెడుతుంది, ఊపకపోతే అసలు దర్బారీయే కాదు. పిల్లలు ఏం చేస్తారంటే, యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించి, ఆ నాలుగు సెకన్ల ముక్కనే మళ్లీ మళ్లీ వేసుకుని, ఇయర్‌ఫోన్స్‌లో ఒక చెవికి ఘంటసాల, ఇంకో చెవి ఖాళీగా ఉంచుకుని తమ గొంతు తాము వింటూ పాడతారు. చివర్లో స్వరాల పరుగు దగ్గరకొచ్చేసరికి ఊపిరి సరిపోదు, మళ్లీ మొదలు. 1959లో దేవస్థానం పెట్టిన సంగీత నృత్య కళాశాల ఊళ్లోనే ఉంది కాబట్టి, అక్కడ చదివే అక్కనో అన్ననో పట్టుకుని ఆ గాంధారం ఎలా పట్టాలో అడిగి తెలుసుకునేవాళ్లూ ఉంటారు. ఇలా నెల రోజులు కుస్తీ పట్టిన పాట మీద ఉండేది బెంగ కాదు, కష్టపడి సంపాదించుకున్న దాని మీద ఉండే మమకారం.

ఆ పాటలే ఎందుకు, ఇప్పటి పాటలు ఎందుకు కావు అనే ప్రశ్నకి చాలామంది ఆ రోజుల విలువలు, సంస్కారం అంటూ మొదలుపెడతారు. అదంత నిలిచే వాదన కాదు. అసలు కారణం ఆ పాటలు పుట్టిన పద్ధతిలో ఉంది. మద్రాసు స్టూడియోల్లో గాయకుడు, వాద్యబృందం కలిసి ఒకేసారి పాడి వాయించేవాళ్లు, ఒక వయొలిన్ తప్పు పలికినా అందరూ మళ్లీ మొదటినుంచి. అందుకని రిహార్సల్స్ రోజుల తరబడి జరిగేవి, మైకు ముందుకొచ్చేసరికి పాట అందరి ఒంట్లో ఉండేది. ఒకే ట్రాకు కాబట్టి గొంతుని ముందు నిలబెట్టి, వాద్యాలని వెనక ఉంచేవాళ్లు, ప్రతి అక్షరం వినపడేది. వినపడిన మాట పాడుకోవడానికి వస్తుంది. ఇప్పటి పాటలో శబ్దాల పొరలు ఎక్కువ, థియేటర్ స్పీకర్లలో అది అద్భుతంగా ఉంటుంది, బస్టాండులో నలుగురు కూర్చుని చప్పట్లు కొడుతూ పాడుకుందామంటే పట్టు దొరకదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 50లలో వచ్చినవన్నీ మల్లీశ్వరులూ మాయాబజార్లూ కావు. జల్లెడలో పడిపోయినవి పోగా మిగిలినవి మన దగ్గరకొచ్చాయి. ఇప్పటివి ఇంకా జల్లెడలోనే ఉన్నాయి, 2060లో ఏవి మిగులుతాయో చూసేవాళ్లు అప్పుడు ఉంటారు.

ఇదంతా బాగానే ఉంది కానీ, ఆందోళన పడాల్సిన సంగతి ఒకటి ఉంది. చేరుతున్నది పూర్తి పాట కాదు. చాలా రీల్స్ నిడివి కొన్ని సెకన్లే, అందులో పడేది పల్లవి లేదా ఒక చరణంలో రెండు లైన్లు. పల్లవి తెలిసిన పాటలు వంద ఉంటే, చరణాలు తెలిసినవి పది ఉంటే గొప్ప. రాసినవాళ్ల పేరైతే ఇంకా వెనకబడిపోయింది. పాటల యాప్‌లో గాయకుడి పేరు, సినిమా పేరు ఎదురుగా కనపడతాయి, రచయిత పేరు కావాలంటే చాలాసార్లు లోపలికి వెళ్లి వెతకాలి, ఒక్కోసారి వెతికినా ఉండదు. వెనకటికి సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం ఇంతకన్నా మర్యాదగా ఉండేది. కొద్ది పైసల ధర, పల్చటి కాగితం, లోపల పాటలన్నీ చరణాలతో సహా, ఎవరు రాశారో, ఎవరు పాడారో. కథ సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసేవాళ్లు. ఆత్రేయ పుట్టిన జిల్లాలోనే ఆత్రేయ పాట పాడే పిల్లలకి ఆ పేరు తెలియకపోవడం బాధ కలిగిస్తుంది, అందులో పిల్లల తప్పేమీ లేదు, వాళ్లకి అందించిన తెర మీద ఆ పేరు లేదు.

ఇంతకంటే పెద్ద లోటు చిత్తూరు నాగయ్య విషయంలో కనిపిస్తుంది. పుట్టింది 1904లో రేపల్లెలో, పేరుకి ముందు ఊరు వచ్చి చేరింది మాత్రం చిత్తూరు రామవిలాస సభ నాటకాల వల్ల. వందేమాతరం (1939), భక్త పోతన, త్యాగయ్య (1946), యోగి వేమన (1947), తన పాట తానే పాడుకున్న నటుడు, త్యాగయ్యకి దర్శకత్వం, సంగీతం కూడా ఆయనే. 1965లో పద్మశ్రీ వచ్చింది, 1973 డిసెంబరు 30న పోయారు. చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది, అందులో పిల్లలు ఘంటసాల పాటలు, బాలు పాటలు పాడి బహుమతులు తీసుకుంటున్నారు. నాగయ్య పాట అక్కడ ఎత్తుకునే పిల్లలు అరుదు. ఎందుకంటే ఆ పాటలు ముత్తవ్వల యవ్వనం నాటివి. ఇల్లు మొయ్యగలిగిన రెండు తరాల గీత అవతల పడిపోయాయి. రేడియోలో విన్నవాళ్లు పోయారు, క్యాసెట్ పట్టీల్లో ఎవరూ రాయించుకోలేదు, టీవీ పోటీల్లో అరుదు. ఇల్లు వదిలేసిన చోట అందుకోవడానికి అన్నమయ్యకి దేవస్థానం ఉంది, భారతానికి ఊరి గుడి ఉంది. నాగయ్యకి ఒక భవనం మీద పేరు మాత్రమే ఉంది.

ఇంకో పదేళ్లు, పదిహేనేళ్లు గడిస్తే ఘంటసాల తొలినాళ్ల పాటలు కూడా ఇదే గీత దగ్గరకి వస్తాయి. 1965లో పదిహేనేళ్లున్న అవ్వకి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్టు మీద ఇసకలో కూర్చుని గుండమ్మ కథ (1962) చూసినవాళ్లు, ఏ పాటకి హాలు ఈలలతో ఊగిందో చెప్పగలిగినవాళ్లు ఇంకా పల్లెల్లో ఉన్నారు. వాళ్ల నోట ఆ పాటలు చరణాలతో సహా ఉన్నాయి, కొన్నిసార్లు రికార్డులో లేని పద్యాలు కూడా ఉంటాయి.

చెయ్యదలచుకున్నవాళ్లకి చట్టం కూడా పెద్ద అడ్డం కాదు. మన దేశంలో సినిమాకి, సౌండ్ రికార్డింగ్‌కి కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి సినిమాకి 2017తో గడువు తీరిపోయింది, పైన చెప్పిన నాగయ్య సినిమాలకి ఎప్పుడో తీరింది. పాట సాహిత్యానికి, బాణీకి మాత్రం లెక్క వేరు, రాసినవారు, కట్టినవారు పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది, కాబట్టి కొత్తగా పాడి పెట్టేటప్పుడు అది చూసుకోవాలి. త్యాగయ్యలో నాగయ్య పాడిన త్యాగరాజ కీర్తనలకైతే ఆ చిక్కు కూడా లేదు. ఆయన పుట్టినరోజు మార్చి 28. కళాక్షేత్రంలో ఆ ఒక్క రోజు పోటీకి, నాగయ్య పాట ఒకటి పూర్తి చరణాలతో పాడాలి, రాసినవారి పేరు చెప్పి మొదలుపెట్టాలి అని నియమం పెడితే, ఆ నెలంతా చిత్తూరు ఇళ్లలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వేగం 0.75కి తగ్గించి, ఆ పాటలు పట్టుకోవడానికి తంటాలు పడే పిల్లలకి కొదవ ఉండదు.